క్రిస్టఫర్ స్ట్రాచీ
క్రిస్టఫర్ స్ట్రాచీ (నవంబర్ 16, 1916 - మే 18, 1975) ప్రముఖ బ్రిటిష్ కంప్యూటరు శాస్త్రవేత్త. ప్రోగ్రామింగు భాషలలో స్థిరాంకము, చలరాశి, రకము అనే భావనలను స్పష్టముగా వివరించినవారిలో ముఖ్యుడు.

బాల్యము, విద్యాభ్యాసము

స్ట్రాచీ లండనులోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తాత సర్ రిచర్డ్ స్ట్రాచీ భారతదేశములో సైనిక ఇంజనీరుగా పనిచేశాడు. తండ్రి ఆలివర్ రహస్యలిపి నిపుణుడు. తల్లి రే స్త్రీల ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు. రచయిత లిట్టన్ స్ట్రాచీ ఈయన పినతండ్రి. 1935లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరాడు.

ఉద్యోగ జీవితము

రెండవ ప్రపంచయుద్ధము తరువాత బడిపంతులుగా పనిచేశాడు. 1949లో హారో పాఠశాలలో చేరాడు. అక్కడ ఉండగానే, 1951లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు ఫెరాంటీ మార్క్ 1 కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాశాడు. 1962లో కేంబ్రిడ్జికి తిరిగివచ్చి సీపీఎల్ భాష రూపకల్పనలో పాల్గొన్నాడు. తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రోగ్రామింగు పరిశోధన బృందమును స్థాపించాడు. డాక్టరేటు పట్టా లేకున్నా 1971లో అక్కడ ఆచార్యుడయ్యాడు.

స్థిరాంకములపై కృషి

1967లో కోపెన్‌హేగన్‌లో స్ట్రాచీ చేసిన ఉపన్యాసములు ప్రసిద్ధమైనవి. "మొత్తము := మొత్తము + 7" అనే ఆదేశములో ఒకే పేరు రెండు పనులు చేస్తుంది. ఎడమవైపు అది విలువను ఉంచవలసిన స్థానమును, కుడివైపు అందులోని విలువను సూచిస్తుంది. మొదటిది ఎల్-విలువ, రెండవది ఆర్-విలువ. 7 అనే సంఖ్యకు ఆర్-విలువ మాత్రమే ఉన్నది. అందువలన దానిని ఎడమవైపు వ్రాయుట అర్థరహితము.

ప్రోగ్రాము నడవకముందే కంపైలరుకు తెలిసే లక్షణములను, నడిచేటప్పుడు మాత్రమే తెలిసేవాటిని కూడ ఈయన వేరుచేసి చూపాడు. ఒక పేరుకు గల రకము, అది మారరాదనే నియమము ముందే ప్రకటించబడితే, వాటిని ఉల్లంఘించే ఆదేశమును కంపైలరే తిరస్కరించగలదు.

ప్రభావము

సీపీఎల్ ఆశించినంతగా అమలులోకి రాలేదు. 1967లో మార్టిన్ రిచర్డ్స్ దానిని సరళీకరించి బీసీపీఎల్ రూపొందించాడు. అందులో రకములు లేవు. కాని పేరుగల స్థిరాంకములను ప్రకటించుటకు "మానిఫెస్ట్" అనే పదమున్నది. బీసీపీఎల్ నుండి బీ, దానినుండి సీ భాషలు వచ్చాయి. 1989 నాటి ప్రమాణముతో సీలో "కాన్‌స్ట్" చేరినది. అలా ప్రకటించిన పేరుకు స్థానము ఉంటుంది, కాని ప్రారంభ విలువ ఇచ్చిన తరువాత ఆ పేరుతో కొత్త విలువను అందులో ఉంచరాదు. అందువలన సీలో 7కు, కాన్‌స్ట్ పేరుకు గల భేదము స్ట్రాచీ విభజనతోనే బోధపడుతుంది.

మరణము

స్ట్రాచీ 1975లో కాలేయ వ్యాధితో మరణించాడు. అంతవరకు నకళ్ళ రూపములోనే చేతులు మారిన కోపెన్‌హేగన్ ఉపన్యాసములు 2000లో ఒక పరిశోధన పత్రికలో అచ్చయ్యాయి.