ఫిలిప్ హెన్రీ గాస్

ఫిలిప్ హెన్రీ గాస్ (1810 ఏప్రిల్ 6 – 1888 ఆగస్టు 23) ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త, చిత్రకారుడు, రచయిత. సముద్ర జీవులను ఇంటిలో గాజు తొట్టిలో పెంచే విధానాన్ని ప్రజలలోకి తెచ్చినవాడు. అక్వేరియం అనే మాట నేటి అర్థంలో స్థిరపడడానికి ఈయన 1854లో ప్రచురించిన గ్రంథమే ముఖ్య కారణం. సముద్రపు నీరు దొరకని చోట మంచినీటిలో లవణాలు కలిపి ఆ నీటిని తయారు చేసుకోవచ్చునని ఈయన చేసి చూపాడు. తీరానికి ఎంతో దూరాన ఉన్న హైదరాబాదు పాతబస్తీలో ఎవరైనా మృదు పగడాలను పెంచదలిస్తే ఆధారపడవలసినది ఈ పద్ధతి మీదనే. అయితే ఈయన పుస్తకాలు రేపిన మోజు ఇంగ్లండు తీరాలలోని జీవరాశికి పెద్ద నష్టం కూడా కలిగించింది.

బాల్యం, ప్రవాసం

గాస్ ఇంగ్లండులోని ఊస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ గాస్ ఊరూరా తిరిగి చిన్న చిన్న రూపచిత్రాలు గీసే చిత్రకారుడు. సంపాదన అంతంతమాత్రమే. గాస్ బాల్యం పూల్ అనే రేవుపట్టణంలో గడిచింది. మేనత్త సూసన్ బెల్ ఈ బాలునికి తీరంలోని జీవులను చూపించి, సీ అనిమోన్ అనే పువ్వువంటి జీవులను సముద్రపు నీటిలో ఉంచి పెంచవచ్చునని చెప్పింది. ఆమె కుమారుడు థామస్ బెల్ కూడా తరువాత జంతుశాస్త్రవేత్తగా పేరు పొందాడు.

గాస్ విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. పదిహేనవ ఏట గుమాస్తాగా చేరి, 1827లో ఉత్తర అమెరికాలోని న్యూఫౌండ్లాండ్ ద్వీపానికి వెళ్ళాడు. అక్కడ 1832లో సూక్ష్మదర్శినిని గురించిన ఒక పాత పుస్తకం కొన్నాడు. అది ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. తరువాత కెనడాలో వ్యవసాయం చేసి నష్టపోయాడు. అలబామాలో కొన్ని నెలలు బడిపంతులుగా పనిచేసి, 1839లో స్వదేశం చేరాడు. 1844 నుండి 1846 వరకు జమైకాలో పక్షులను పరిశీలించి 1847లో ఒక గ్రంథం వెలువరించాడు. 1848లో ఎమిలీ బోస్‌ను వివాహమాడాడు. మరుసటి సంవత్సరం కుమారుడు ఎడ్మండ్ జన్మించాడు.

గాజు తొట్టిలో సముద్రం

1852లో ఆరోగ్యం దెబ్బతినగా గాస్ కుటుంబంతో డెవన్ తీరానికి వెళ్ళి, ఆటుపోట్ల మధ్య రాళ్ళ గుంటలలో జీవించే ప్రాణులను పరిశీలించసాగాడు. సముద్ర జీవులను తొట్టిలో ఉంచితే కొద్ది రోజులలో నీరు చెడి అవి చనిపోయేవి. నీటిలో మొక్కలు కూడా ఉంటే అవి వెలుతురులో ప్రాణవాయువును విడుదల చేస్తాయి, జంతువులు దానిని పీల్చుకుంటాయి. ఈ రెండూ సరితూగినప్పుడు నీరు చాలాకాలం నిలుస్తుంది.

ఈ సూత్రాన్ని కనుగొన్నది గాస్ ఒక్కడే కాదు. ఆనా థిన్ అనే మహిళ 1846లో టార్కీ తీరం నుండి చిన్న రాతి పగడాలను లండన్‌లోని తన ఇంటికి తీసుకువచ్చింది. దారిలో దొర్లిపోకుండా వాటిని సూదీదారంతో స్పాంజికి కుట్టింది. తెచ్చిన నీరు కొంచెమే కనుక పనిమనిషి రోజూ కిటికీ వద్ద నిలబడి ఆ నీటిని ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి ఎత్తి పోసేది. మరుసటి సంవత్సరం సముద్రపు నాచును కూడా చేర్చడంతో పగడాలు బ్రతకడమే గాక సంఖ్యలో కూడా పెరిగాయి. ఆమె పరిశీలనలు గాస్ వ్యాఖ్యలతో 1859లో ముద్రితమయ్యాయి. రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ కూడా 1850 నాటికి మంచినీటి తొట్టిలో ఈ సమతూకాన్ని సాధించాడు. అయినా పేరు ఎక్కువగా గాస్‌కే దక్కింది. ఆయన సొంతంగా రంగుల బొమ్మలు గీసి, ఎవరికైనా అర్థమయ్యే శైలిలో వ్రాయగలగడమే ఇందుకు కారణమని చెప్పవచ్చును. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కొరకు తెరచిన చేపల గృహానికి గాస్ జీవులను సేకరించి పంపాడు.

కృత్రిమ సముద్ర జలం

లండన్ వాసికి సముద్రపు నీరు రైలులో తెప్పించుకోవడం ఖర్చుతో కూడిన పని. గాస్ బ్రైటన్ తీరపు నీటిపై ష్వైట్జర్ చేసిన రసాయన విశ్లేషణను తీసుకుని, అందులో స్వల్ప మోతాదులో ఉన్నవాటిని వదలివేసి నాలుగు లవణాలను మాత్రమే ఉంచాడు. నేటి కొలతలలో చెప్పాలంటే సుమారు నాలుగున్నర లీటర్ల మంచినీటికి దాదాపు 99 గ్రాముల మామూలు ఉప్పు, 7 గ్రాముల భేదిఉప్పు, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడు, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడు. ఈ నీటిలో ముందుగా నాచును పెంచి, తరువాతనే జంతువులను విడిచాడు. అవి బ్రతికాయి.

ఈ మిశ్రమంలో ఒక లోపం కలదు. ఇందులో కాల్షియం లవణం లేదు. సున్నపు ఎముకగూడు కట్టుకునే రాతి పగడాలకు అది తప్పనిసరి. మృదు పగడాలకు అటువంటి గట్టి గూడు ఉండదు, కండలో సన్నని సున్నపు పలుకులు మాత్రమే ఉంటాయి. కనుక వాటి అవసరం చాలా తక్కువ. ఇప్పుడు దుకాణాలలో దొరికే సముద్ర లవణ మిశ్రమాలలో కాల్షియం కూడా కలుపుతారు.

తొట్టిలో పెంచే ఉష్ణమండలపు మృదు పగడాలలో అనేకం తమ కణాలలోనే సూక్ష్మమైన శైవలాలను ఉంచుకుని, అవి వెలుతురులో తయారుచేసే ఆహారంతో బ్రతుకుతాయి. కార్ల్ బ్రాంట్ ఈ శైవలాలకు 1881లో పేరు పెట్టాడు. గాస్ తొట్టిలో నాచు చేసిన పనిని ఇక్కడ పగడం తన శరీరంలోనే జరిపించుకుంటున్నదన్నమాట.

మోజు, దాని ఫలితం

1845లో గాజుపై పన్ను రద్దు కావడం, రైళ్ళు తీరాల వరకు పోవడం, పైన గాస్ గ్రంథం – ఇవన్నీ కలసి 1850లలో ఇంగ్లండులో అక్వేరియం ఒక వేలంవెర్రిగా మారింది. సెలవులకు వచ్చినవారు ఉలి, సుత్తి, బుట్టలతో రాళ్ళ మీద పడ్డారు. ఇళ్ళకు చేరిన జీవులలో చాలామటుకు చనిపోయేవి, వాటి స్థానంలో మరికొన్నిటిని తెచ్చేవారు. కొద్ది సంవత్సరాలలోనే అనేక తీరాలలో గాస్ చిత్రించిన రాళ్ళ గుంటలు ఖాళీ అయిపోయాయి. తన పుస్తకాలే ఇందుకు దారితీశాయని గ్రహించి ఆయన ఎంతో నొచ్చుకున్నాడని కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907 నాటి తన గ్రంథంలో తెలియజేశాడు.

తరువాతి జీవితం

1856లో గాస్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. మరుసటి ఫిబ్రవరిలో భార్య ఎమిలీ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. అదే సంవత్సరం ఆయన వెలువరించిన ఓంఫలోస్ అనే పుస్తకం విఫలమైంది. భగవంతుడు భూమిని పాతదిగా కనబడేటట్లే సృష్టించాడని అందులో వాదించాడు. శాస్త్రజ్ఞులు గానీ మతవాదులు గానీ దానిని అంగీకరించలేదు. గాస్ కుమారునితో టార్కీ సమీపంలోని సెయింట్ మేరీచర్చ్ గ్రామానికి మకాం మార్చి, 1858–60 మధ్య బ్రిటిష్ తీరాలలోని సీ అనిమోన్లు, రాతి పగడాలపై తన ముఖ్య శాస్త్రగ్రంథాన్ని పూర్తిచేశాడు. 1860లో ఎలైజా బ్రైట్‌వెన్‌ను వివాహమాడాడు. చివరి దశలో ఆర్కిడ్ పూలు, రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు ఆయనకు ప్రీతిపాత్రమైనవి.

హైదరాబాదు వంటి నగరంలో

అప్పటి మద్రాసులో 1909లో మెరీనా తీరాన సముద్ర జీవుల అక్వేరియం తెరచారు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మూతపడింది. అక్కడ నీటికి కొరత లేదు. హైదరాబాదు సంగతి వేరు, సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. చార్మినార్ దగ్గర పక్షులు, పెంపుడు జీవుల అమ్మకానికి పేరుపొందిన ముర్గీ చౌక్ నుండి మంచినీటి చేపలు కొనితెచ్చి పెంచడం పాతబస్తీ ఇళ్ళకు కొత్త కాదు గానీ, పగడాల తొట్టి అంత సులభం కాదు.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక ఆర్వో యంత్రంతో శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల మిశ్రమం కలుపుతారు. 500 లీటర్ల తొట్టికి ఇది పదిహేడున్నర కిలోలు. వారానికి పదవ వంతు నీరు మార్చినా మరో కిలోముప్పావు కావాలి. ఆవిరైన నీటికి బదులుగా పోయవలసినది మాత్రం మంచినీరే, ఎందుకంటే ఆవిరైనప్పుడు ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. క్రొత్తవారు తరచుగా పొరబడేది ఇక్కడనే. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినా తొట్టి నీరు 24–27 డిగ్రీల మధ్య ఉండాలి. ఇందుకు చిల్లర్ యంత్రం అవసరం. థిన్ ఇంటి పనిమనిషి చేసిన పనిని పంపు చేస్తుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఆదుకుంటుంది. సైనులేరియా, సార్కోఫైటన్ వంటి మృదు పగడాలు పొరుగు పగడాలను అణచే రసాయనాలను నీటిలోకి విడుస్తాయి. అందువలన వాటిని ఎడంగా ఉంచి, వడపోతలో ఉత్తేజిత బొగ్గును వాడతారు.

భారతదేశంలో 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్ర విసనకర్రలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడ్డాయి. వాటిని సముద్రం నుండి తీయడం, అమ్మడం నేరం. మృదు పగడపు కొమ్మను పదునైన కత్తితో కోసి రాతిముక్కకు కట్టితే కొద్ది వారాలలో అది రాతిని పట్టుకుని వేరొక పగడంగా పెరుగుతుంది. తొట్టిలో ఉన్న ఒక్క పగడం నుండి ఈ విధంగా అనేకం తయారు చేసుకోవచ్చును.