జేమ్స్ బాండ్‌ను పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్.. థియేటర్‌లో తన హీరోని చూసుకుంది రెండు సినిమాల్లోనే!

1962 నుంచి 2021 దాకా ఒకే సిరీస్‌లో 25 సినిమాలు.. హీరోలు మారారు, కార్లు మారాయి, బాండ్‌కు మాత్రం క్రేజ్ తగ్గలేదు. అయితే ఆ పాత్రను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ బతికుండగా రిలీజైన సినిమాలు వాటిలో రెండే.

ఫ్లెమింగ్ 1908 మే 28న లండన్‌లో బాగా డబ్బున్న కుటుంబంలో పుట్టాడు. తండ్రి వాలెంటైన్ ఎంపీ. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో చనిపోయాడు. అప్పటికి ఇయాన్‌కు తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. పెద్దయ్యాక శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీలో చేరి మధ్యలోనే వదిలేశాడు. రాయిటర్స్ రిపోర్టర్‌గా 1933లో మాస్కో వెళ్లి, బ్రిటిష్ ఇంజినీర్లపై జరిగిన విచారణను కవర్ చేశాడు. తర్వాత డబ్బు కోసం స్టాక్ బ్రోకర్ అయ్యాడు. అక్కడా పెద్దగా రాణించలేదు.

అసలు మలుపు 1939లో వచ్చింది. బ్రిటన్ నేవీ ఇంటెలిజెన్స్ చీఫ్ జాన్ గాడ్‌ఫ్రేకి అసిస్టెంట్‌గా ఉద్యోగం దొరికింది. ఆఫీసు పేరు రూమ్ నంబర్ 39. ఫ్లెమింగ్ పని.. శత్రువును బోల్తా కొట్టించే ఐడియాలు ఇవ్వడం. 1940లో ఆయన ఇచ్చిన ఒక ప్లాన్ చూస్తే సినిమా సీన్ అనే అనుకుంటారు. పట్టుబడ్డ జర్మన్ విమానంలో జర్మన్ యూనిఫామ్‌లు వేసుకున్న మనుషులను ఎక్కించి సముద్రంలో కూల్చాలి. కాపాడటానికి జర్మన్ బోటు వస్తుంది కదా.. దాన్ని ఆక్రమించి ఎనిగ్మా కోడ్ పుస్తకాలు లాక్కోవాలి! ఏర్పాట్లన్నీ చేశారు. తీరా సరైన బోటు కనిపించక ప్లాన్ క్యాన్సిల్ అయింది.

ఫ్లెమింగ్ యుద్ధం చాలావరకు ఇలా టేబుల్ ముందే గడిచింది. 30 అసాల్ట్ యూనిట్ కమాండోలకు టార్గెట్లు చెప్పేది ఆయనే, వెళ్లేది మాత్రం వాళ్లు. ఇన్ని రహస్యాలు తెలిసిన మనిషి శత్రువు చేతికి చిక్కితే ఇంకేమైనా ఉందా? ఆయన వెళ్లలేని చోట్లకు తర్వాత బాండ్ వెళ్లాడు. బాండ్‌కు ఇచ్చిన నేవీ కమాండర్ ర్యాంకు కూడా తనదే.

1952 మొదట్లో జమైకాలోని తన ఇల్లు గోల్డెన్ఐలో కూర్చుని క్యాసినో రాయల్ టైప్ చేశాడు. హీరోకి మరీ సాదా పేరు కావాలనుకుని, వెస్టిండీస్ పక్షుల మీద పుస్తకం రాసిన శాస్త్రవేత్త జేమ్స్ బాండ్ పేరు వాడేశాడు. ఆ మార్చిలోనే యాన్‌ను పెళ్లి చేసుకున్నాడు.

నవల 1953 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి బ్రిటన్‌లో మాంసానికి ఇంకా రేషనే. అలాంటి టైంలో బాండ్ ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఏ కారు నడిపాడు అన్నది బ్రాండ్ పేర్లతో సహా రాశాడు ఫ్లెమింగ్. జనం పేజీలు తిప్పింది తుపాకుల కోసమే కాదు, ఈ వైభోగం కోసం కూడా. సినిమాలు ఇప్పటికీ లాగుతున్నది ఈ తీగే. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తనకిష్టమైన పది పుస్తకాల్లో ఒక బాండ్ నవల పేరు చెప్పడంతో అక్కడ సేల్స్ ఎగబాకాయి.

అదే ఏడాది గుండెపోటు వచ్చింది. విపరీతంగా సిగరెట్లు, మందు.. పైగా థండర్‌బాల్ కథ తమదేనంటూ కెవిన్ మెక్‌క్లోరీ వేసిన కేసు. మంచం మీద ఉండగా కొడుకు కాస్పర్‌కు చెప్పిన ఎగిరే కారు కథను చేత్తో రాయడం మొదలుపెట్టాడు. అదే చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్.

1962లో డాక్టర్ నో రిలీజైంది. షాన్ కానరీ బాండ్‌గా సరిపోడని ముందు పెదవి విరిచిన ఫ్లెమింగ్, సినిమా చూశాక మనసు మార్చుకుని, తర్వాతి నవలలో బాండ్ తండ్రిని స్కాట్లాండ్ వాడిని చేశాడు. 1963లో రెండో సినిమా వచ్చింది. 1964 ఆగస్టు 12న, కాస్పర్ 12వ పుట్టినరోజు నాడే, మరో గుండెపోటుతో ఫ్లెమింగ్ కన్నుమూశాడు. వయసు 56. బాండ్‌ను ప్రపంచమంతా ఊపేసిన గోల్డ్‌ఫింగర్ వచ్చింది ఆ తర్వాతి నెలలోనే.

ఆ గాలి మద్రాసు స్టూడియోలకూ తాకింది. తేనె మనసులులో స్కూటర్ మీంచి కారు మీదకు దూకిన కుర్ర కృష్ణను చూసి నిర్మాత డూండీ 1966లో గూఢచారి 116 తీశారు. దాంతో కృష్ణ ఆంధ్రా జేమ్స్ బాండ్ అయిపోయారు. మరుసటి ఏడాదే ఆ కథ జితేంద్రతో ఫర్జ్‌గా హిందీకి వెళ్లింది.