సర్ రొనాల్డు రాస్

1997వ సంవత్సరమున భారత తపాలశాఖ వారొక స్మారక బిళ్లను వెలువరించిరి. అది సర్ రొనాల్డు రాస్ అను వైద్యుని గౌరవార్థము వెలువడినది. సికిందరాబాదున ఆయన చేసిన యొక పరిశోధనకు ఆ యేట నూరేండ్లు నిండెను.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. బాల్యమునుండి రాస్‌నకు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనములయందు మక్కువ మెండు. అయినను తండ్రి కోరికపై లండనులో వైద్యము నభ్యసించి, 1881లో భారత వైద్యసేవలో చేరెను.

ఆ కాలమున మలేరియా జ్వరమునకు అసంఖ్యాకులు బలియగుచుండిరి. చిత్తడినేలల చెడుగాలియే దానికి కారణమని పూర్వులు తలచిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తమున నొక సూక్ష్మజీవిని కనుగొనెను. కాని యది యొకరినుండి యింకొకరికి ఎట్లు చేరునో యెవరికిని తెలియలేదు. దోమలకు దానితో సంబంధ ముండవచ్చునని మాన్సన్ అను వైద్యుడు 1894లో రాస్‌నకు సూచించెను.

1895లో రాస్ సికిందరాబాదు వచ్చి, దోమలను కోసి పరీక్షింప మొదలిడెను. రెండేండ్లు గడచినను ఫలము కానరాలేదు. ఆయనకు దొరకిన దోమల జాతి వేరు; మలేరియా క్రిమి వానిలో పెరుగదు. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలుగల దోమలు కొన్ని లభించెను. హుస్సేన్ ఖాన్ అను రోగి, కాటునకొక అణా ప్రతిఫలముగా, వానిచే కుట్టించుకొనెను. ఉక్క దుర్భరముగా నున్నను, గాలికి దోమలు చెదరిపోవునని రాస్ పంకాను ఆపించెను. ఆయన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను.

ఆగస్టు 20వ తేదీన, మిగిలిన దోమలలో నొకదాని కడుపుగోడయందు నల్లని రేణువులుగల గుండ్రని కణములు కానవచ్చెను. మరునాడు వేరొక దోమలో నవి మరింత పెద్దవై యుండెను. పెరుగుచున్నవి గనుక నవి మలేరియా క్రిములే యని రాస్ గ్రహించెను.

ఇంతలో ఆయనకు బదిలీ యయ్యెను. ఆయన నిరుత్సాహపడలేదు. 1898లో కలకత్తాయందు పక్షుల మలేరియాను పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటుద్వారా వ్యాపించునని నిరూపించెను. ఆ యేటనే ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల విషయమునను దీనిని నిర్ధారించిరి. 1902లో రాస్‌నకు నోబెల్ బహుమానము లభించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయన లండనులో మరణించెను.

నిలువనీటిని తొలగింపుడనియు, దోమతెర కట్టుకొనుడనియు నేడు పెద్దలు చెప్పుమాటలకు ఈ పరిశోధనయే బలము. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని కలదు. ఆ తపాలబిళ్లను చూచునపుడు రాస్ ఓర్పును తలచుకొనుడు. జ్వరపీడితుడై యుండియు దోమకాటునకు తన దేహము నొప్పగించిన హుస్సేన్ ఖాన్‌ను మరువకుడు. కీర్తి యొకరిని వరించినను, సత్కార్యము పలువురి తోడ్పాటుననే సిద్ధించును.