వెన్నులో తొలి సూది

ప్రసవ నొప్పులు తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే ఎపిడ్యూరల్ గురించి మీరు వినే ఉంటారు. మత్తు డాక్టరు ముందు కాస్తంత మందే ఎక్కిస్తారు. కాసేపు ఆగి కాళ్లు బరువెక్కాయా, చెవుల్లో హోరు వస్తోందా అని అడుగుతారు. ఆ ఆగడం ఎందుకో తెలియాలంటే జేమ్స్ లియొనార్డ్ కార్నింగ్ కథ వినాలి.

కార్నింగ్ 1855లో అమెరికాలో పుట్టారు. జర్మనీలో వైద్యం చదివి, 1878లో పట్టా పుచ్చుకుని, న్యూయార్క్‌లో నరాల వైద్యుడిగా స్థిరపడ్డారు. కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ చూపించారు. అదే మందు వెన్నుపాము దగ్గరకు చేరితే ఏమవుతుందో చూడాలనుకున్నారు కార్నింగ్.

1885లో ఒక కుక్క వెన్నుపూసల మధ్య 2 శాతం కొకైన్ ద్రావణం ఎక్కించారు. 5 నిమిషాల్లోనే దాని వెనక కాళ్లు పట్టుతప్పి, స్పర్శ కోల్పోయాయి. ముందు కాళ్లు మాత్రం మామూలుగానే ఉన్నాయి. దాదాపు 4 గంటలకు కుక్క తేరుకుంది. శరీరంలో కొంత భాగాన్నే మొద్దుబార్చవచ్చనీ, ఆ మత్తు మళ్లీ దిగిపోతుందనీ ఆయనకు అర్థమైంది.

తర్వాత ఒక రోగికి 3 శాతం ద్రావణం ఇచ్చారు. 6 నుంచి 8 నిమిషాలు గడిచినా ఫలితం కనిపించలేదు. దాంతో అంతే మందు మళ్లీ ఎక్కించారు. అప్పుడు కాళ్లు మొద్దుబారాయి. రోగికి తలనొప్పి వచ్చినా ప్రాణానికేమీ కాలేదు.

కుక్కలో అంత త్వరగా పనిచేసిన మందు మనిషిలో ఎందుకు ఆలస్యమైంది? కుక్కలో అది వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి వెళ్లి ఉంటుందనీ, మనిషిలో ఆ పొర బయటే, అంటే ఎపిడ్యూరల్ భాగంలోనే ఆగిపోయి ఉంటుందనీ నేడు చాలామంది భావిస్తారు. అంత మందూ ద్రవంలో కలిసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదే.

1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ వెన్ను మత్తుతో ఆపరేషన్లు చేశారు. 1921లో స్పెయిన్ వైద్యుడు ఫిదెల్ పాహెస్ నడుము ఎపిడ్యూరల్ పద్ధతిని వివరించారు. కార్నింగ్ 1923లో కన్నుమూశారు.

ఇలాంటి మందులను నేటికీ ముందు ఎలుకలు, కుక్కలు, గొర్రెల వంటి జంతువుల్లో పరీక్షిస్తారు. కదలిక ఎప్పుడు పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది, నరానికి, గుండెకు హాని జరిగిందా అన్నవి చూస్తారు. అవి దారి చూపుతాయి గానీ, మీ వెన్నులో సూది మొన ఎక్కడుందో చెప్పలేవు. అందుకే ఆ తొలి చిన్న మోతాదు.

కాబట్టి డాక్టరు అడిగినప్పుడు మొహమాటపడకండి. కాళ్లు ఒక్కసారిగా బరువెక్కినా, గుండె దడగా ఉన్నా, నాలుక తిమ్మిరెక్కినా వెంటనే చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సూదికి ముందే చెప్పడం మరవద్దు.