మూడు పిలుపుల రాత్రి: ఐడా స్కడర్ జీవితం

నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని రాణిపేటలో 1870 డిసెంబర్ 9న ఐడా సోఫియా స్కడర్ జన్మించారు. తాత జాన్ స్కడర్ మొదలుకొని ఆ అమెరికన్ కుటుంబంలో వైద్యులు, మతప్రచారకులే అధికం. ఐడాకు మాత్రం ఆ బాట పట్టే ఉద్దేశం లేదు. అమెరికాలో చదువు ముగించి, తల్లి అనారోగ్యం కారణంగా కొద్దికాలం ఉండి వెళదామని తిండివనం వచ్చారు.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు ఆ ఇంటి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మరొకరు వేరొక కులానికి చెందిన హిందువు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనతో ప్రాణాపాయంలో ఉన్నారు. తనకు వైద్యం తెలియదని, వైద్యుడైన తండ్రి వస్తారని ఐడా చెప్పారు. పరపురుషుడు తమ స్త్రీలను తాకరాదంటూ ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ మరణించారు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఆ భర్తలను కఠినులుగా చిత్రిస్తారు. అర్ధరాత్రి పరాయివారి గడప తొక్కినవారికి భార్యలపై మమకారం లేదనలేము. వారిని ఆపినది ఆచారం. ఆ ఆచారం మారే వరకు వేచి ఉంటే ప్రాణాలు నిలవవని, స్త్రీలకు స్త్రీలే వైద్యులు కావాలని ఐడా గ్రహించారు.

ఆమె అమెరికాకు తిరిగి వెళ్లి 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. స్త్రీలను చేర్చుకున్న తొలి తరగతి అది. న్యూయార్క్ బ్యాంకరు షెల్ తన భార్య స్మృత్యర్థం ఇచ్చిన 10,000 డాలర్లతో భారత్‌కు వచ్చారు. 1900లో వేలూరులో ఒకే మంచంతో చికిత్స ఆరంభమైంది. అదే ఏడాది తండ్రి కన్నుమూయడంతో భారమంతా ఆమెపైనే పడింది. 1902 నాటికి 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి సిద్ధమైంది.

ఆసుపత్రికి రాలేనివారి కోసం తొలుత ఎద్దుబండిపై, తరువాత మోటారు కారులో గ్రామాలకు వెళ్లి, రోడ్డు పక్కన చెట్ల నీడన వైద్యం చేసేవారు. అయినా ఒక్కరి చేతులు ఎందరిని కాపాడగలవు? 1909లో నర్సుల శిక్షణ, 1918లో బాలికల వైద్య పాఠశాల ప్రారంభించారు. ఆడపిల్లలు ఈ చదువులో నెగ్గలేరని అధికారులు శంకించిన రోజులవి. తొలి బృందంలోని 14 మంది 1922లో వైద్యులై బయటికి వచ్చారు.

ఆ పాఠశాలే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. పొరుగునే ఉన్న చిత్తూరు ప్రాంతవాసులకు వేలూరు ఆసుపత్రి అంటే ఇదే. పురుషులకు అక్కడ ఎం.బి.బి.ఎస్. ప్రవేశం 1947లో గాని లభించలేదు. ఐడా స్కడర్ 1960 మేలో కొడైకెనాల్‌లో తుదిశ్వాస విడిచారు.