రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ డీజిల్ (1858 మార్చి 18 - 1913 సెప్టెంబరు 29) సుప్రసిద్ధ జర్మన్ ఇంజనీరు. నిప్పురవ్వతో పని లేకుండా, గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టే వేడితోనే ఇంధనాన్ని మండించే యంత్రాన్ని రూపొందించాడు. ఆ యంత్రము, అందులో వాడే నూనె రెండూ ఇతని పేరుతోనే పిలువబడుతున్నాయి. ఇంజనును ఊహించడానికి పట్టిన కాలం కంటే దాని లోపాలను వెదకి సరిదిద్దడానికి పట్టిన కాలమే ఎక్కువ. ఆ పని ముగియకముందే ముగిసిందని ప్రకటించడం ఇతని కష్టాలకు మూలమైంది.

బాల్యం, విద్య

డీజిల్ పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి థియోడోర్ ఆగ్స్‌బర్గ్ నుండి వచ్చి పారిస్‌లో స్థిరపడిన తోలు వస్తువుల పనివాడు. తల్లి ఎలిజ్. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో జర్మన్ కుటుంబాలు పారిస్ విడిచి పోవలసివచ్చింది. ఈ కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను మాత్రం ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమాని గణితోపాధ్యాయుడు కావడం బాలునికి మేలు చేసింది. తరువాత ఉపకార వేతనంపై మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరి, శీతలీకరణ యంత్రాల నిపుణుడైన కార్ల్ ఫాన్ లిండే వద్ద ఉష్ణగతిక శాస్త్రం నేర్చుకున్నాడు. టైఫాయిడ్ వలన పరీక్ష ఆలస్యమై 1880లో పట్టభద్రుడయ్యాడు. తరువాత పారిస్‌లో లిండే మంచు యంత్రాల సంస్థలో పనిచేశాడు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడాడు. వీరికి ముగ్గురు సంతానం.

ఇంజను ఆలోచన

ఆ కాలపు ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిలో పదింట ఒక వంతును మాత్రమే, చాలాసార్లు అంతకంటే తక్కువను, పనిగా మార్చేవి. మిగిలినదంతా వృథా. దీనికి విరుగుడు గాలిని తీవ్రంగా నొక్కడంలో ఉన్నదని డీజిల్ భావించాడు. సైకిలు పంపును వేగంగా కొడితే దాని అడుగు భాగం వేడెక్కడం అందరికీ తెలిసినదే. ఇక్కడ సూత్రం కూడా అదే. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1893లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రచురించాడు. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారము, క్రుప్ సంస్థ ప్రయోగాలకు ధనసహాయం చేశాయి.

ఆగ్స్‌బర్గ్ ప్రయోగాలు

1893 ఆగస్టు 10న మొదటి ఇంజనును బయటి శక్తితో తిప్పి, అందులోకి ఇంధనాన్ని వదలారు. ఇంధనం అంటుకున్నది గాని, పీడనాన్ని కొలిచే పరికరం పగిలి ముక్కలు ఎగిరిపడ్డాయి. ఇంజను స్వయంగా నడవలేదు. అయినా నిప్పురవ్వ లేకుండా ఇంధనం మండుతుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న అది తనంతట తాను సుమారు ఒక నిమిషం నడిచింది.

ఆ తరువాత మూడేళ్ళు దోషాల వేటలోనే గడిచాయి. ఎంత పీడనం ఉండాలన్న లెక్కను డీజిల్ తగ్గించుకోవలసివచ్చింది. ఇంధనాన్ని సన్నని తుంపరగా చేసి లోనికి పంపడం అన్నిటికంటే కష్టమైన సమస్య అయింది. చివరకు అధిక పీడనం గల గాలితో దానిని ఊదే పద్ధతి కుదిరింది. ఈ దశలో యువ ఇంజనీరు ఇమాన్యుయెల్ లౌస్టర్ పాత్ర ముఖ్యమైనది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్స్ ష్రోటర్ జరిపిన పరీక్షలో సుమారు 18 అశ్వశక్తి గల ఇంజను 26.2 శాతం దక్షతను చూపింది.

తొందరపాటు ఫలితం

ఈ విజయంతో లైసెన్సులు వేగంగా అమ్ముడుపోయాయి. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొన్నాడు. కాని పరీక్షశాలలో నిపుణుల చేతిలో నడిచిన యంత్రం వేరు, కర్మాగారంలో సామాన్య పనివాని చేతిలో నడవవలసిన యంత్రం వేరు. నాజిళ్ళు మూసుకుపోవడం, గాలి కంప్రెసరు పాడవడం, కవాటాలు కాలిపోవడం వంటి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1898లో ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ ఇంజన్ల కోసమే పెట్టిన కర్మాగారం తయారుచేసిన యంత్రాలు సరిగా పనిచేయక, అక్కడ ఉత్పత్తి కొద్దికాలంలోనే ఆగిపోయింది. ఆ సంస్థ 1911లో మూతపడింది. 1898లోనే డీజిల్ నరాల బలహీనతతో మ్యూనిక్ సమీపంలోని ఆరోగ్యాలయంలో చేరవలసివచ్చింది. దీనిని దురదృష్టం అనడం కంటే తొందరపాటు అనడం న్యాయం. దోషాలను ఓపికగా తొలగించి ఇంజనును నమ్మదగినదిగా చేసినవారు లౌస్టర్ వంటి కర్మాగారపు ఇంజనీర్లే.

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. తెలుగునాట విరివిగా పండే వేరుశనగతో ఇతని ఇంజనుకు ఉన్న ఈ పాత బంధం చాలామందికి తెలియదు.

నీటిపై డీజిల్ ఇంజను

1903లో ఫ్రాన్సులో ఒక కాలువ పడవకు, రష్యాలో వోల్గా నదిపై తిరిగే వాండాల్ అనే నూనె ఓడకు డీజిల్ ఇంజన్లు అమర్చారు. కోపెన్‌హాగన్‌లో బర్మైస్టర్ అండ్ వైన్ సంస్థ నిర్మించిన సెలాండియా 1912లో బ్యాంకాక్‌కు సముద్రయానం చేసింది. రెండు ఎనిమిది సిలిండర్ల ఇంజన్లతో నడిచిన ఈ నౌకకు పొగగొట్టమే లేదు. బాయిలరు, బొగ్గు, దానిని ఎగదోసే కూలీలు అవసరం లేకపోవడం ఓడ యజమానులను ఆకర్షించింది.

సముద్రం మధ్య ఇంజను ఆగితే సహాయం దొరకదు గనుక దోషాన్ని క్రమపద్ధతిలో వెదకడం ఓడ ఇంజనీరుకు ముఖ్య విద్య అయింది. ఊదే గాలికి బదులు ఇంధనాన్ని పంపుతోనే నేరుగా చిమ్మే పద్ధతి తరువాత వచ్చింది. అయినా డీజిల్ ఆగ్స్‌బర్గ్‌లో ఎదుర్కొన్న ప్రశ్నలే పాత పడవ ఇంజన్ల విషయంలోనూ ఎదురవుతాయి: గాలి చాలినంత అందుతున్నదా, అది తగినంత నొక్కబడుతున్నదా, ఇంధనం సకాలంలో తుంపరగా పడుతున్నదా?

ఇంజను అంటుకోకపోతే ముందుగా నూనెలో నీరు చేరిందేమో, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూస్తారు. గొట్టాలలో గాలి చిక్కి ఉంటే ఫిల్టరు నుండి మొదలుపెట్టి పంపు, నాజిలు వరకు ఒక్కొక్క బిగింపును వదులు చేసి, బుడగలు ఆగేవరకు నూనె పారనిస్తారు. ఇంజను నడుస్తూ తడబడుతుంటే నాజిళ్ళకు పోయే గొట్టాల బిగింపులను ఒకదాని తరువాత ఒకటి వదులు చేస్తారు. దేనిని వదిలినా శబ్దం మారకపోతే ఆ సిలిండరులోనే దోషమున్నట్లు. పొగ రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. నల్లని పొగ గాలి తక్కువైందనీ, బరువు ఎక్కువైందనీ తెలుపుతుంది. పడవ అడుగున నాచు, నత్తగుల్లలు పట్టినా ఇదే పొగ వస్తుంది గనుక ఇంజను విప్పేముందు అడుగు చూడడం మంచిది. నీలి పొగ అరిగిన పిస్టను రింగులకు, తెల్లని పొగ మండని ఇంధనానికి లేదా లోనికి చేరిన నీటికి గుర్తు. చల్లబరిచే సముద్రపు నీరు బయటకు ధారగా పడకపోతే వెంటనే ఇంజను ఆపవలసిందే.

చివరి సంవత్సరాలు, మరణం

పేటెంట్ల కాలం ముగియడం, స్థలాల వ్యాపారంలో నష్టాలు, మ్యూనిక్‌లో కట్టుకున్న భవనపు ఖర్చు కలిసి డీజిల్‌ను దివాలా అంచుకు తెచ్చాయి. ఇంజను రూపొందిన తీరును 1912లో నౌకా ఇంజనీర్ల సభలో వివరించి, మరుసటి సంవత్సరం పుస్తకంగా వెలువరించాడు. తయారైన ఇంజనుకు, పేటెంటులోని సిద్ధాంతానికి పొంతన లేదని విమర్శిస్తూ 1913లోనే యోహానెస్ ల్యూడర్స్ మరొక పుస్తకం రాశాడు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం డీజిల్ ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఆవిరి ఓడ ఎక్కి ఇంగ్లాండు బయలుదేరాడు. ఇంగ్లాండులోని డీజిల్ ఇంజన్ల సంస్థ సమావేశానికి అతడు హాజరు కావలసి ఉన్నది. రాత్రి భోజనం తరువాత ఉదయం 6.15కు లేపమని చెప్పి గదికి వెళ్ళాడు. తెల్లవారేసరికి పక్క నలగలేదు, మనిషి లేడు. టోపీ, పైకోటు ఓడ వెనుకభాగంలో కటకటాల వద్ద దొరికాయి. కొన్ని రోజుల తరువాత ఒక డచ్చి పడవ సిబ్బందికి సముద్రంలో ఒక శవం కనిపించింది. జేబులోని వస్తువులు తీసుకుని, దేహాన్ని తిరిగి నీటికే వదిలారు. ఆ వస్తువులు తండ్రివేనని కుమారుడు యూజెన్ అక్టోబరులో గుర్తించాడు. ఆత్మహత్య అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇంజను రహస్యాల కోసం హత్య చేశారన్న కథలు కూడా ప్రచారంలోకి వచ్చాయి గాని, వాటికి ఆధారాలు లభించలేదు.