ఫిడేలుకు దొరికిన వేదిక మోరికి ఎందుకు దొరకలేదు?

నవంబర్ వస్తే ఉత్తరాంధ్రలో సంగీతం తెలిసినవాళ్లకు ద్వారం వెంకటస్వామి నాయుడు గుర్తుకొస్తారు. ఆయన పుట్టింది 1893 నవంబర్ 8న, కన్నుమూసింది 1964 నవంబర్ 25న. విజయనగరానికి ఫిడేలు ఊరనే పేరు తెచ్చిన మనిషి. మేము అరకు లోయ నుంచి ఘాట్ రోడ్డు దిగి, శృంగవరపుకోట మీదుగా ఆ ఊరు చేరేవాళ్లం. చదువుకో, ఆఫీసు పనికో, ధర్నాకో వచ్చి పోతుంటాం. ఆ ఊరి సంగీత సభల్లో మాత్రం మా వాళ్లు కనిపించరు. అందుకే నాయుడుగారి జీవితాన్ని మా వైపు నుంచి ఒకసారి చెప్పుకోవాలనిపించింది.

ముందే ఒక మాట. ఆయన దళితుడు కాదు, ఆదివాసీ కాదు. బ్రాహ్మణేతర కుటుంబంలో పుట్టినవాడు. ఆయన్ని మన ఖాతాలో వేసుకోవాలని మేము ఇది రాయడం లేదు. మూసి ఉన్న ఒక తలుపు ఎవరికి, ఎంతవరకు, ఎలా తెరుచుకుందో ఆయన జీవితంలో తెలుస్తుంది. అక్కడితో ఎందుకు ఆగిపోయిందో కూడా తెలుస్తుంది.

ఆయన బెంగళూరులో పుట్టారు, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటి నుంచీ చూపు మందం. బడి చదువు ఎక్కువ దూరం సాగలేదు. ఇంట్లో సంగీతం ఉంది కాబట్టి అన్నగారి దగ్గరే ఫిడేలు పట్టారు. నల్లబల్ల మీది అక్షరం కనబడని పిల్లవాడికి చెవి అక్కరకొచ్చింది. గంటల తరబడి సాధన చేసి చేయి తిప్పుకున్నారు.

1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయరామ గానపాఠశాల పెట్టారు. ఇప్పుడు మహారాజా సంగీత కళాశాల అంటున్నది దాన్నే. తన కొలువులోని ఒక ఉద్యోగి కొడుకు, చూపు లేని చాగంటి గంగరాజు, సంగీతం నేర్చుకునేందుకు ఏర్పాటు చేయబోయి ఆ జమీందారు ఏకంగా బడినే పెట్టారని అంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడు. నాయుడుగారు విద్యార్థిగా చేరదామని వెళితే, వాయించింది విని ఫిడేలు గురువుగానే పెట్టుకున్నారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు పాతిక దాటింది. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యారు.

ఇక్కడ మేము కొంచెం ఆగుతాం. అంతకుముందు సంగీతం నేర్చుకోవాలంటే గురువు ఇంట్లో ఉండాలి. ఇంట్లో ఉండాలంటే కులం కుదరాలి. వంటింటి గడప, నూతి చప్టా, పూజగది, అన్నీ అడ్డమే. బడి అనేది వచ్చాక చదువు ఇంటి గడప దాటి బయటికొచ్చింది. జీతం తీసుకునే గురువు, తరగతి గది, పరీక్ష, పట్టా ఏర్పడ్డాయి. తర్వాత రోజుల్లో సినిమా పాటకు ప్రాణం పోసిన పి. సుశీల కూడా ఆ కళాశాలలో నేర్చుకున్నవారే.

కానీ బడి తలుపు తెరిస్తే సరిపోతుందా? ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం కోసం ఇల్లు వదిలి విజయనగరం వచ్చినప్పుడు చేతిలో డబ్బు లేదు. మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటికీ వెళ్లి అన్నం అడుక్కుని చదువుకున్నారు. ఆ కష్టం మామూలుది కాదు, దాన్ని మేము తక్కువ చేయం. అయితే మధుకరం అనేది బ్రాహ్మణ విద్యార్థికి లోకం ఇచ్చిన హక్కు. అదే వీధిలో మాదిగ పిల్లవాడో, మాల పిల్లవాడో, కొండ దిగి వచ్చిన పిల్లవాడో జోలె పట్టుకుని నిలబడితే ఏ గుమ్మం తెరుచుకునేది? పేదరికం ఇద్దరిదీ ఒకటే. ఆకలి తీరే దారి మాత్రం ఒకటి కాదు. హాస్టల్ లేని చోట ఉచిత చదువు కూడా కొందరికే ఉచితం. ఎస్సీ, ఎస్టీ హాస్టళ్ల కోసం కొట్లాడుతున్న విద్యార్థులకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మళ్లీ నాయుడుగారి దగ్గరికి వద్దాం. కచేరీలో గాత్రం మధ్యన, ఫిడేలు ఒక పక్కన, మృదంగం మరో పక్కన కూర్చుంటాయి. పాడేవాడు ముందు వెళితే ఫిడేలు వెంట నడవాలి. నాయుడుగారు పెద్ద పెద్ద గాయకులకు పక్కవాద్యం వాయిస్తూనే, ఫిడేలు ఒక్కటే కచేరీ మొత్తం నడపగలదని చూపించారు. 1938లో వేలూరులో ఆయన చేసిన సోలో కచేరీని ఆ దారిలో తొలి అడుగుగా చెబుతారు. పాశ్చాత్య విద్వాంసుల వాదన కూడా శ్రద్ధగా విన్నారు. కమాను నడిపే తీరులో అక్కడి మెళకువలు తీసుకుని మన రాగానికి సరిపోయేలా మలుచుకున్నారు. ఆయన నాదం మెత్తగా ఉన్నా నిండుగా వినిపించేదని విన్నవాళ్లందరూ చెప్పారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో యెహూది మెనుహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఈయన వాదన విని మెచ్చుకున్నారు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

పక్కన కూర్చోవాల్సిన వాద్యాన్ని నడిమధ్యకు తెచ్చిన మనిషి ఆయన. ఎవరు మధ్యలో కూర్చోవాలన్నది దేవుడు రాసిపెట్టింది కాదని, సాధనతో, అవకాశంతో మారుతుందని ఆయన బతుకే రుజువు.

ఇప్పుడు ఫిడేలు సంగతి చూద్దాం. అది మన దేశపు వాద్యం కాదు. ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చింది. 19వ శతాబ్దపు తొలి రోజుల్లో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు లాంటివాళ్లు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చుకున్నారు. సముద్రం దాటితే కులం పోతుందని నమ్మిన సమాజమే, సముద్రం దాటి వచ్చిన వాద్యాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. మరి ఊరి చివరి పేటలోని డప్పు? అరకు కొండల మీద థింసాకు ఊదే మోరి, కొట్టే తుడుము, కిరిడి, జోడుకొమ్ములు? ఇవి ఏ సముద్రమూ దాటలేదు. పక్కనుంచే వినబడుతున్నాయి. అయినా సభ గుమ్మం దాటలేదు.

తోలు ముట్టకూడదని అనేవాళ్ల మృదంగం మీద ఉన్నది ఆవు తోలు, మేక తోలే. తంజావూరు, చెన్నై ప్రాంతాల్లో మృదంగాలు కట్టే కుటుంబాల్లో ఎక్కువమంది దళితులేనని, వాళ్ల చేతి పనికి దక్కని గౌరవం గురించి గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో సెబాస్టియన్ అండ్ సన్స్ అనే పుస్తకమే రాశారు. వాయించినవాడికి శాలువా కప్పుతారు. తోలు శుద్ధి చేసి, మూత బిగించి, ఆ వాద్యానికి గొంతు ఇచ్చినవాడి పేరు కరపత్రంలో ఉండదు.

మా కొండల్లో థింసాను ఎక్కడ చూపిస్తారో మీకు తెలుసు. మంత్రి వస్తే హెలిప్యాడ్ దగ్గర, టూరిస్టులు వస్తే రిసార్టు ముందు. ఎండలో నిలబెట్టి, ఫొటో తీసుకుని, చేతిలో ఎంతో కొంత పెట్టి పంపేస్తారు. అది స్వాగతం, కచేరీ కాదు. కచేరీ అంటే వినడానికి జనం కుదురుగా కూర్చోవాలి, కళాకారుడి పేరు ముందే అచ్చు వేయాలి, పారితోషికం ముందే మాట్లాడాలి. ఈ మూడూ నాయుడుగారి వాద్యానికి దక్కాయి. మా వాద్యాలకు అడుగుతున్నదీ అవే.

కాకినాడ సరస్వతీ గాన సభ నుంచి చిన్న పట్నాల్లోని మ్యూజిక్ క్లబ్బుల దాకా, త్యాగరాజ ఆరాధనలు, వారాంతపు కచేరీలు నడిపేవాళ్లు తమ సొంత డబ్బు, సొంత సమయం పెడుతున్నారు. ఆ శ్రమను మేము గౌరవిస్తాం. వాళ్లను అడిగేవి రెండే. ఏడాదికి ఒక్క కచేరీ అయినా కొండ ఎక్కించండి. అరకు, పాడేరు పిల్లలు ఫిడేలు నాదం మైకులో కాదు, ఎదురుగా కూర్చుని వినాలి. అలాగే ఏడాదికి ఒక్కసారైనా మోరి, తుడుము వాయించేవాళ్లను మీ హాలుకు పిలవండి. గుమ్మం దగ్గర స్వాగతానికి కాదు, వేదిక మధ్యన కూర్చోవడానికి.

విద్యార్థి సంఘాలకూ ఒక మాట. శాస్త్రీయ సంగీతం వాళ్లది, మనకెందుకని వదిలేయడం తేలిక. ప్రజల డబ్బుతో నడిచే సంగీత కళాశాల మనది కూడా. అక్కడ సీటు, హాస్టల్, స్కాలర్‌షిప్ అడగడం, మన వాద్యాలను పాఠంగా పెట్టమని అడగడం హక్కుల పోరాటంలో భాగమే.

చూపు లేని ఒక పిల్లవాడి కోసం పెట్టారని చెప్పుకునే బడికి, చూపు మందమైన మనిషి అధ్యక్షుడయ్యాడు. ఒక్క పిల్లవాడి కోసం అంత జరగగలిగితే, ఇన్ని కొండల పిల్లల కోసం ఎందుకు జరగదు? వచ్చే నవంబర్‌లో నాయుడుగారికి దండ వేసేటప్పుడు ఈ ప్రశ్న కూడా అక్కడ పెట్టి రావాలని మేము అనుకుంటున్నాం.